పరిమళ కవచము

సుగంధ తైలములు పిడుదులను పారద్రోలునని, అవి చెట్టుచేమలనుండి పుట్టినవి గనుక పసిబిడ్డల ఒంటికి సైతము నిరపాయములని, కర్మాగారములలో పుట్టిన మందులు మాత్రము విషములని ఒక అభిప్రాయము నేడు చదువుకొన్నవారి ఇండ్లలోనే గట్టిగా వేరూనియున్నది. దీనిని పామరుల మూఢవిశ్వాసమని త్రోసివేయుటకు వీలు లేదు. దీనిని పట్టుకొన్నవారు తమ బిడ్డల మేలు కోరువారే, నాలుగు పుస్తకములు చదివినవారే, ఒక్కొక్కరు వైద్యవృత్తియందున్నవారే. కావుననే దీనిని మర్యాద తప్పకయు, మొగమోటము లేకయు ఖండింపదలచితిని.

నేను దీనిని మొదట ఎదుర్కొన్నది అమెరికా ఈశాన్య తీరమున, న్యూజెర్సీలోని మా అమ్మాయి ఇంట. తెలుగువారు వేలకొలదిగా కాపురమున్న ఆ సీమలో అనేక గృహముల పెరడులు అడవి అంచుతో కలిసిపోయియుండును. చీకటిపడు వేళకు జింకలు గడ్డి మేయుచు వంటింటి కిటికీ దాక వచ్చును. వేసవి సెలవులలో పిల్లల శిబిరమునకు బయలుదేరిన మనుమని మేజోళ్లపై లావెండరు, నిమ్మగడ్డి, దేవదారు తైలములు కలిపిన నీటిని చల్లి, "ఇక పిడుదుల భయము లేదు నాన్నా, ఇందులో మందు గిందు ఏమియు లేదు, అంతా చెట్లదే" అని మా అమ్మాయి నాతో ఎంతో నిశ్చింతగా అనెను. ఇల్లంతయు పూజామందిరము వలె గుబాళించెను. ఆ సాయంకాలము బాలునికి స్నానము చేయించుచుండగా మోకాలి వెనుక గసగసాల గింజంత నల్లని చుక్క యొకటి కనబడెను. ఆ చుక్కకు కాళ్లుండెను. దైవము మేలు చేసి బాలునికి ఏ కీడును కలుగలేదు. ఒక్క పిడుదు కరచినంతమాత్రమున ఒక వాదము ఓడిపోదని నేనెరుగుదును. ఆ తైలము చల్లకుండినచో పది పట్టియుండెడివేమో ఎవరు చెప్పగలరు? కాబట్టి నా ఖండనమును ఆ చుక్కపై నిలుపను. కాని నన్నాలోచనలో పడవేసినది ఆ చుక్కయే.

పిడుదనగానేమో మన పల్లెవారికి చెప్పనక్కర లేదు. గోమారియని కొందరును పిడుదని కొందరును పిలుచు ఆ ప్రాణి పశువుల చెవులలో, గంగడోలు మడతలలో, పొదుగు మొదట కరచి పట్టుకొని, రక్తము త్రాగి ఆముదపు గింజ వలె ఉబ్బుచుండగా చిన్ననాడు మేమందరము చూచినవారమే. (లాటిను భాషలో పిడుదునకును ఆముదపు గింజకును రిసినస్ అని ఒక్కటే పేరుండుట నాకు తెలిసిననాడు, లోకమంతట పశుల కాపరుల కన్ను ఒక్కటేనని తోచి సంతోషించితిని.) అది కీటకము కాదు, సాలెపురుగునకును తేలునకును చుట్టము. గ్రుడ్డునుండి ఆరు కాళ్లతో వెడలి, ఒకసారి రక్తము త్రాగి కుబుసము విడిచి ఎనిమిది కాళ్ల పిల్ల పిడుదై, మరల రక్తము త్రాగి మరల కుబుసము విడిచి పెద్దదగును. దానికి ఎగురుట రాదు, దుముకుట రాదు. గడ్డిపోచ కొనకు ప్రాకి, వెనుక కాళ్లతో పోచను పట్టుకొని ముందు కాళ్లు చాచి, ఏ జంతువైనను తన్ను ఒరసికొనిపోవునేమోయని దినముల తరబడి కాచుకొనియుండును. ఆ ముందు కాళ్ల కొసలయందు హాలర్ అవయవమను చిన్న గుంట కలదు. మన ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువును, ఒంటి వేడిమిని, చెమట వాసనను అది దానితోనే పసికట్టును. వాసనయే దానికి చూపు గనుక వాసనతోనే దానిని ఏమార్చవచ్చుననుట పైకి ఎంతో యుక్తియుక్తముగా కనబడును. ఈ అభిప్రాయమునకు బలమంతయు ఈ యుక్తియే. దీని దౌర్బల్యమును ఇందే దాగియున్నది.

తైలములకు శక్తి లేదని నేననను. ప్రయోగశాలలో వడపోత కాగితముపై లవంగ తైలమునో దాల్చిన తైలమునో పూసి దాని చెంత పిడుదును విడిచినచో అది వెనుదిరుగుట సత్యము. పది శాతము పాళ్లలో చేతికి పూసినప్పుడు సైతము ఈ రెండును ఒక గంట, ఆపైన కొంత కాలము నిలిచి పనిచేసినట్లు పరీక్షలలో తేలినది. వాదించువారు ఈ మాటను ఎంతో ఉత్సాహముతో ఎత్తిచూపుదురు. కాని గంట గడచిన పిమ్మట ఏమగునని వారు అడుగరు. సుగంధ తైలమనగా ఆకునో పూవునో బెరడునో ఆవిరిపట్టి, ఆవిరితో ఎగిరివచ్చిన సారమును చల్లార్చి పట్టినది. ఎగిరిపోవుటయే దాని జన్మస్వభావము. హారతి కర్పూరమును మూత లేని బరిణెలో ఉంచి మరునాడు వెదకిన ఇల్లాలికి ఈ ధర్మమును ఎవరును బోధింపనక్కర లేదు. ఏ గుణము చేత ఆ తైలము మన ముక్కు దాక వచ్చి మనలను మురిపించుచున్నదో ఆ గుణము చేతనే అది మన చర్మమును విడిచి గాలిలో కలిసిపోవుచున్నది. ఇల్లంతయు గుబాళించుట దాని బలమునకు గుర్తుగా మనము భావించుచున్నాము గాని, అది తరిగిపోవుచున్నదనుటకే ఆ గుబాళింపు గుర్తు. ఉదయము ఎనిమిది గంటలకు చల్లిన చుక్కలు పది గంటలకు ఆకాశమున ఉండును. బాలుడు మూడు గంటల వరకు అడవిలో ఉండును. గడ్డిపోచ మీది పిడుదునకు తొందర యేమియు లేదు.

ఇక ఆ సీసాల మీది మాటలను చూతము. అమెరికాలో పురుగుమందుల చట్టము క్రింద పర్యావరణ పరిరక్షణ సంస్థ 1996లో కొన్ని పదార్థములను అత్యల్ప ప్రమాదకరములుగా ఎంచి, వాటితో చేసిన సరకులను ముందుగా తనయొద్ద నమోదు చేయించుకొను విధినుండి మినహాయించినది. దేవదారు, నిమ్మగడ్డి, సిట్రొనెల్లా, లవంగము, జెరేనియము, పుదీనా, రోజ్‌మేరీ తైలములు ఆ పట్టికలోనివే. మినహాయింపునకు అర్థమేమి? ఇది పనిచేయునని ఆ సంస్థ పరీక్షించి చెప్పినదని కాదు. పనిచేయునో లేదో తేల్చు ఋజువులను ఆ సంస్థ అడుగుటయే లేదని. నమోదు పొందిన మందు మాత్రము ఏ పిడుదుపై ఎన్ని గంటలు నిలుచునో ప్రయోగములతో నిరూపింపవలెను. మినహాయింపు పొందిన సీసా "పిడుదులను పారద్రోలును" అని వ్రాసికొనవచ్చును గాని, "లైమ్ వ్యాధిని తెచ్చు పిడుదులను పారద్రోలును" అని వ్రాయుటకు అదే నియమము అంగీకరింపదు. రోగమును మోయు ప్రాణిని పేర్కొని ప్రగల్భములు పలుకరాదని అందు స్పష్టముగా కలదు. ఇంతకు తల్లి ఆ సీసాను కొనుచున్నది ఎందులకు? లైమ్ వ్యాధి భయము చేతనే గదా! ఆమె ఏ ఆశతో కొనుచున్నదో ఆ ఆశను ఆ సీసా పలుకజాలదు. ఆమె మనస్సే దానికి బదులుగా పలుకుచున్నది. వర్తకుడు అబద్ధమాడకుండగనే అబద్ధము అమ్ముడుపోవుచున్నది.

ఆ లైమ్ వ్యాధి చరిత్రయే వీరి వాదమునకు ఒక ప్రత్యుత్తరము. 1975 ప్రాంతమున కనెక్టికట్ రాష్ట్రమునందు లైమ్ అను ఊరిలోను ఇరుగుపొరుగు పల్లెలలోను బిడ్డలకు వరుసగా కీళ్లవాపులు వచ్చుట చూచి ఇద్దరు తల్లులు ఊరకుండలేక, జబ్బుపడిన వారి జాబితాలు వ్రాసి ఆరోగ్యాధికారులను కదిలించుట చేత ఆ వ్యాధి లోకమునకు తెలిసెను. దానికి మూలమైన సూక్ష్మజీవిని పిడుదు కడుపులో విల్లీ బర్గ్‌డార్ఫర్ కనుగొన్న సంగతి 1982లో ప్రకటితమాయెను. ఏటేట ఇంచుమించు 4,76,000 మంది ఈ జబ్బునకు అక్కడ చికిత్స పొందుచున్నారని ఆ దేశపు వ్యాధి నియంత్రణ కేంద్రముల అంచనా. తల్లి మనస్సునకు తెలిసినది శాస్త్రజ్ఞునకు తెలియదని సుగంధ తైలముల పక్షమువారు తరచుగా అనుచుందురు. ఆ ఇద్దరు తల్లులకును మనస్సు చెప్పినది నిజమే. కాని వారు అంతటితో ఆగక ఎన్ని ఇండ్లలో, ఎందరు బిడ్డలు, ఏ నెలలోయని లెక్క వ్రాసిరి. ఆ లెక్కయే లోకమును కదిలించినది.

ప్రకృతిసిద్ధమైనది నిరపాయమను మాట మరియొకటి. ఇది విన్నప్పుడెల్ల నాకు ఆశ్చర్యమే. ఉమ్మెత్త ప్రకృతిసిద్ధము గాదా? గన్నేరు కాయ ఏ కర్మాగారమున పుట్టినది? మొక్క ఆ తైలములను మన ఆనందము కొరకు కూర్చుకొనలేదు; తన్ను తిన వచ్చు పురుగును, బూజును ఎదుర్కొనుటకై కూర్చుకొన్నది. అవి దాని ఆయుధములు. తులసి ఆకు నాలుగు నమలుట వేరు, బండెడు ఆకునుండి దించిన సారమును బిడ్డ చర్మముపై పోయుట వేరు. నీలగిరి తైలము చెంచాడు కడుపులోనికి పోయినచో పసివానికి మూర్ఛలు రావచ్చును. దాల్చిన తైలము అనేకుల చర్మమును పొక్కించును. పుదీనా కుటుంబమునకే చెందిన పెన్నీరాయల్ అను మొక్క తైలమును ఒంటిపై దుముకులాడు చిన్న పురుగులను వదిలించుటకై తన కుక్క ఒంటికి పట్టించిన యజమానికి ఆ కుక్కయే దక్కలేదు. కాలేయము చెడి అది మరణించిన వృత్తాంతము 1992లో పశువైద్య పత్రికకెక్కినది. టీట్రీ తైలము పిల్లులను, కుక్కలను వణుకులతో పడవేసిన సందర్భములు పశువైద్యులు ఎన్నో చూచినారు. పిల్లి కాలేయము ఇట్టి పదార్థములను విరిచి బయటకు పంపుటలో మిక్కిలి దుర్బలము. సత్యము చెప్పవలెనన్న, బట్టలకు పట్టించు పెర్మెత్రిన్ అను కృత్రిమపు మందు కూడ పిల్లులకు విషమే. విషత్వము పుట్టుకను బట్టి రాదు. పదార్థమును బట్టి, మోతాదును బట్టి, పుచ్చుకొను ప్రాణిని బట్టి వచ్చును.

"మన తాతలు ఈ మందులెరుగుదురా, వేపనూనెతోను కానుగనూనెతోను పశువులను కాపాడుకొనలేదా?" అని మా బంధువొకరు నన్ను నిలదీసిరి. ఈ ప్రశ్నను నేను చులకనగా చూడను, ఏలననగా ఇందు నా బాల్యము కూడ ఉన్నది. వేపనూనె, కానుగనూనె గానుగలో ఆడినవి, జిడ్డుగా నిలిచియుండునవి. నేడు సీసాలలో అమ్ముడగు ఎగిరిపోవు తైలములతో వాటికి పోలిక లేదు. వాటితో కొంత మేలుండెడిది. కాని మా ఇంటి పశువులను కాపాడినది ఆ నూనె మాత్రమేనని చెప్పినచో మా నాయనమ్మకు అన్యాయము చేసినవాడనగుదును. ఆమె ప్రతి దినము పాలు పిదుకుటకు ముందు గేదె చెవులు తిరుగవేసి, తోక ఎత్తి, పొదుగు తడిమి గోమార్లను ఒక్కొక్కటిగా పీకి, పిడకల నిప్పులో వేసెడిది. ఆ చేతికి సాటియైన మందు నేటికిని లేదు. ఇక ఒంగోలు జాతి యెద్దు సంగతి వేరు. దాని చర్మమునందును రక్తమునందును పిడుదును తట్టుకొను శక్తి పుట్టుకతోనే కలదు. మన నెల్లూరు పేరును మోయుచు నెలోర్ అను జాతిగా బ్రెజిలు దేశపు పచ్చికబయళ్లను అది నింపుటకు గల కారణములలో ఈ శక్తి యొకటి. పాల కొరకై జెర్సీ, హోల్‌స్టీను సంకరములు మన దొడ్లలోనికి వచ్చిన పిమ్మట పిడుదులు తెచ్చు థైలేరియా జ్వరమునకు ఆ సుకుమారపు ఆవులు ఎట్లు కూలిపోయినవో పశువైద్యులనడిగిన చెప్పుదురు. తాతల కాలమున పిడుదులు ఓడిపోయినది పరిమళమునకు కాదు, జాతికి, చేతికి. ఆ జాతిని విడిచితిమి, ఆ చేతిని మరచితిమి, నూనె సీసాను మాత్రము పట్టుకొని సంప్రదాయమనుచున్నాము.

కృత్రిమపు మందులన్న భయము నిష్కారణముగా పుట్టినది కాదు. డీడీటీని నమ్మి లోకము ఎంత నష్టపోయినదో రేచెల్ కార్సన్ 1962లో వ్రాసిన గ్రంథము చాటిచెప్పినది. ఆ గ్రంథము నాటిన అనుమానము ఆరోగ్యకరమైనదే. కాని అనుమానించువాడు ఇరుప్రక్కల అనుమానింపవలెను. 1946లో అమెరికా సైన్యము కొరకు సిద్ధమై 1957లో పౌరులకందిన డీట్ అను మందును పర్యావరణ పరిరక్షణ సంస్థ 1998లోను, మరల 2014లోను విచారించి, సూచించిన విధముగా వాడినచో ఆందోళనకు కారణము లేదని తేల్చినది. అది జిడ్డుగా ఉండును, గడియారపు ప్లాస్టిక్‌ను కరగించును, వాసనయు ఇంపుగా ఉండదు. రెండు నెలలు నిండని శిశువునకు పూయరాదు. దాని లోపములన్నియు మనకు తెలియును, ఏలననగా దానిని అరువదియేండ్లకు పైగా పరీక్షించుచున్నారు. లావెండరు నీటి లోపములు మనకు తెలియవు. తెలియకపోవుటనే మనము నిర్దోషత్వమనుకొనుచున్నాము.

ప్రకృతికిని శాస్త్రమునకును వైరమున్నదనుటయు ఒక భ్రమయే. చామంతి జాతి పూల ఎండిన పొడిలో పురుగులను కూల్చు శక్తి యుండుట చూచి, ఆ అణువును అనుకరించి, వెలుతురునకు చెడిపోకుండునట్లు దానిని మార్చి మైకేల్ ఎలియట్ ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ పరిశోధన కేంద్రమున 1973లో పెర్మెత్రిన్‌ను కూర్చెను. అలాస్కా పసుపు దేవదారునందును పంపరపనస జాతి గ్రేప్‌ఫ్రూటునందును ఉండు నూట్‌కటోన్ అను పదార్థము పిడుదులపై పనిచేయునని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రముల శాస్త్రజ్ఞులే కనుగొనిరి. పరీక్షలన్నియు దాటి 2020లో అది నమోదు పొందినది. నిమ్మవాసన గల నీలగిరి చెట్టునుండి వచ్చు ఔషధము కూడ నమోదైనదే. కాని ఇందొక మెలిక కలదు. నమోదైనది ఆ చెట్టు తైలమును శుద్ధి చేసి, పీఎమ్‌డీ అను అంశమును వృద్ధిపరచిన పదార్థము. అంగడిలో అదే పేరుతో దొరకు ముడి సుగంధ తైలమున ఆ అంశము స్వల్పము. శుద్ధి చేసినది సైతము మూడేండ్ల లోపు పిల్లలకు వాడరాదని నియమము. ఈ భేదమెరుగక "నీలగిరి తైలమును ప్రభుత్వమే ఒప్పుకొన్నది" అని చెప్పుకొనువారిని నేను పలుమార్లు విన్నాను. చెట్టు ఒక్కటే, పేరు ఒక్కటే. సీసాలు మాత్రము రెండు.

ఈ వివాదమంతయు ధనికదేశపు పెరటి ముచ్చట యని ఎవరైనను అనుకొందురేమో. వారు ఒక్కమారు పశ్చిమ కనుమల వంక చూడవలెను. డీట్ అమెరికా పౌరులకందిన ఆ 1957లోనే మైసూరు రాష్ట్రపు షిమోగా జిల్లాలో, క్యాసనూరు అడవియందు కోతులు చచ్చి రాలుటయు, వెనువెంటనే అడవి అంచు పల్లెలలో మనుష్యులు తీవ్రజ్వరముతోను రక్తస్రావముతోను పడిపోవుటయు సంభవించెను. పూనాలోని వైరస్ పరిశోధన కేంద్రమువారు వచ్చి అది పిడుదులు మోయు ఒక క్రొత్త వైరస్ అని నిర్ణయించిరి. అక్కడివారు దానిని మంగన కాయిలె, అనగా కోతి జబ్బు, అందురు. పట్టినవారిలో నూటికి ముగ్గురు మొదలు ఐదుగురు వరకు మరణింతురు. దానికి ప్రత్యేకమైన మందు లేదు. దశాబ్దములు వేసిన టీకా తగినంత రక్ష ఇయ్యకపోవుటచే 2022లో నిలిచిపోయినది. శీతకాలము చివరనుండి వేసవి వరకు, పిల్ల పిడుదులు రాలిన ఆకులపై క్రమ్ముకొన్న దినములలోనే, అక్కడి బీదజనము పోకతోటలకు ఎండుటాకులు ఏరుటకును, కట్టెలకును, పశువులను తోలుకొనియు అడవిలోనికి పోకతప్పదు. వారికి మన రక్షణ పరిశోధన శాస్త్రజ్ఞులు కూర్చిన డీపా తైలమును ఆరోగ్యకార్యకర్తలు ఇంటింటికి పంచుచున్నారు. దానికి చెప్పుకొనదగిన సువాసన లేదు, అందమైన సీసా లేదు, దానిని గూర్చి ఎవరును మురిసిపోవుట లేదు. ఆ కాలిబాటలలో నడచు కూలిస్త్రీకి, ఒక గంటలో ఎగిరిపోవు పరిమళమును చేతికిచ్చి ఇది ప్రకృతి కానుకయని చెప్పగల ధైర్యము ఈ పక్షమువారిలో ఎవరికున్నది? ఆమెకు చెప్పజాలని మాటను మన బిడ్డ విషయమున ఏల చెప్పుకొనుచున్నాము?

చివరకు వారు పట్టుకొను ఊతకోల యొకటి కలదు: "పోనిండు, పూర్తిగా కాకున్నను కొంచెమైనను మేలే గదా, కీడేమి?" నాకు అన్నింటికంటె భయము కలిగించునది ఈ మాటయే. రక్ష ఉన్నదనుకొన్నవాడు పంట్లాము అంచును మేజోడులో దోపుకొనడు. గుబురులను తప్పించి బాట నడుమ నడువడు. ఇంటికి వచ్చి చంకలు, గజ్జలు, చెవుల వెనుక, జుట్టులో వెదకడు. లైమ్ సూక్ష్మజీవి పిడుదునుండి మన రక్తములోనికి వచ్చుటకు సాధారణముగా ఒక దినము, అంతకు మించి పట్టును. అనగా ఆ సాయంకాలపు వెదకులాట యొక్కటే ఎన్నో జబ్బులను ఆపగలదు. మా నాయనమ్మ గేదెకు చేసిన ఆ పనిని మనము బిడ్డకు చేయకుండ ఆ కొంచెపు మేలు మనలను నిద్రపుచ్చుచున్నది.

కరచి పట్టుకొన్న పిడుదుపై పుదీనా తైలపు చుక్క వేసిన అదియే ఊడివచ్చునని చెప్పువారును ఉన్నారు. అట్లు చేసినచో అది కలతచెంది తనలోని రోగకారక ద్రవమును మరింతగా గాయములోనికి వదలవచ్చును. కిరసనాయిలు, కాల్చిన అగ్గిపుల్ల కూడ ఇట్టివే. సన్నని కొసలు గల పట్టకారుతో దానిని చర్మమునకు వీలైనంత దగ్గరగా పట్టుకొని, మెలిపెట్టకుండ, నిలకడగా పైకి లాగవలెను; పిమ్మట ఆ చోటును సబ్బుతో కడిగి, కరచిన తేదీని గోడ క్యాలెండరుపై వ్రాసి, ముప్పది దినములు జ్వరమో విస్తరించు ఎర్రని మచ్చయో కనబడునేమోయని చూచుచుండవలెను. ఆనాడు మా మనుమని మోకాలి వెనుకనుండి ఆ చుక్కను మా అమ్మాయి అట్లే తీసెను, తేదీని అట్లే వ్రాసెను.